ఆరాధన అర్జీలో నేను టైపు చేసిన మతం

నా పేరు మహానంది. డోన్‌లో గోపీనాథ్ సార్ అనే వకీలు దగ్గర ఇరవై రెండేళ్లుగా గుమాస్తాని. విడాకుల అర్జీలంటే నాకు కొట్టినపిండి. కంప్యూటర్‌లో నమూనా ఉంటుంది, పేర్లూ తేదీలూ మార్చుకుంటూ పోవడమే. ఆ పొగరే ఆరాధన కొంప ముంచింది.

ఆరాధన పక్క పల్లెలో అంగన్‌వాడీ టీచర్. మొగుడు వసంతకుమార్ ఇళ్లు కట్టే బేల్దారి పని చేస్తాడు, ఒట్టి అనుమానపు పీనుగ. పనికి పోతూ పెళ్లాన్ని ఇంట్లో ఉంచి బయట తాళం వేసేవాడు. పిల్లలు అంగన్‌వాడీ సెంటర్ ముందు కూర్చుని ఎదురుచూస్తుంటే ఈమె కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేది. ఒకరోజు పక్కింటి ఈరక్క చూడలేక తాళం పగలగొట్టింది. సాయంత్రం వాడొచ్చి, కాలుతున్న రొట్టెల పెనం ఆరాధన మణికట్టుకు ఆనించాడు. ఆ మచ్చ నేను కళ్లారా చూశాను. వాణ్ణి నరికినా పాపం లేదు అనిపించింది.

ఆమె తల్లి జీవమ్మ దగ్గరికి వచ్చేసి మూడేళ్లయింది. అయినా వాడు వదల్లేదు. వారానికోసారి తాగి సెంటర్‌కు వచ్చి పిల్లల ముందే ఆమె జుట్టు పట్టుకునేవాడు. ఎవరైనా అడ్డుపోతే, "నా పెండ్లాం, నా ఇష్టం. అడిగేదానికి నువ్వెవురప్పా?" అనేవాడు. ఆ మాటతో అందరూ వెనక్కి తగ్గేవాళ్లు.

"వాని పెండ్లామనే మాట నా మీంద నుంచి తీసేయండి సార్. నాకింకేమీ వద్దు" అంది ఆరాధన మా ఆఫీసుకొచ్చిన రోజు.

ఆధార్, కుల సర్టిఫికెట్, కవర్లో పెళ్లి ఫోటో నా చేతికిచ్చింది. సర్టిఫికెట్‌లో హిందూ, ఎస్సీ అని ఉంది. ఇంకేం, హిందూ వివాహ చట్టం, క్రూరత్వం కింద విడాకులు అని చకచకా టైపు చేసేశాను. కవర్లోంచి ఫోటో బయటికి తీయనేలేదు. తీసి ఉంటే పాస్టరూ, తెల్లచీరా, చర్చీ కనిపించేవి. మా వైపు పల్లెల్లో తాతల కాలం నుంచీ ఆదివారం చర్చికి పోయేవాళ్లు కాగితాల్లో హిందువులుగానే ఉంటారు. అది అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

వసంతకుమార్ వకీలు అడిగాడు. చర్చి రిజిస్టరు నకలు కోర్టులో పెట్టి, ఇద్దరూ క్రైస్తవులే, ఈ చట్టం వీళ్లకు వర్తించదు, కేసు కొట్టేయండి అన్నాడు.

గోపీనాథ్ సార్ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తర్వాత తల్లీకూతుళ్లను కూర్చోబెట్టి చెప్పాడు. "క్రైస్తవుల చట్టంలోనూ క్రూరత్వానికి విడాకులున్నాయమ్మా. ఇది తీసేసి అది వేద్దాం. అయితే క్రైస్తవురాలినని కోర్టులో ఒప్పుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ నిలబడదు. దాని మీద వచ్చిన నీ ఉద్యోగమూ నిలబడదు."

ఉద్యోగం పోతే తల్లీకూతుళ్లకు తిండి లేదు. వాడిది బేల్దారి పని, పోయేదేమీ లేదు. అది తెలిసే ఈ ఎత్తు వేశాడు, దొంగ సచ్చినోడు!

జీవమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "హిందువునని చెప్పు పాపా. నోటిమాటే కదా. దేవునితో నేను చెప్పుకుంటాలే."

"ప్రమాణం చేసి ఎట్ల చెప్పేది మా? రిజిస్టరు తీసకొని పాస్టరయ్యను గూడా పిలిపిస్తారంట. ఆయప్ప ముందర అబద్ధం చెప్పి, మళ్లా ఆదివారం ఏ మొగం పెట్టుకొని పోతా?"

వాయిదా రోజు ఆరాధన బోనెక్కింది. వాడి వకీలు తీరిగ్గా లేచాడు. "మీరు హిందువులా, క్రైస్తవులా? ఒక్క మాటలో చెప్పండి."

ఆరాధన తిరిగి తల్లివైపు చూసింది. వెనక బెంచీలో జీవమ్మ కళ్లు మూసుకుని గొణుక్కుంటోంది. "చెప్పమ్మా" అన్నారు జడ్జిగారు. నాకైతే భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

"కేసు వాపసు తీసుకుంటా సార్" అంది ఆరాధన.

బయటికొచ్చేసరికి వసంతకుమార్ బండి స్టార్ట్ చేసి గేటు దగ్గర నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నేను సిగ్గు విడిచి ఆమె ముందు చేతులు జోడించాను. "తప్పు నాదమ్మా. క్షమించు" అన్నాను.

ఆమె నావైపు చూడలేదు. వాడివైపే చూస్తూ అంది.

"నేను విడిచిపెట్టాలని వచ్చింది వాన్ని ఒక్కన్నే కదా సార్. వాన్ని తప్ప అన్నీ విడిచిపెట్టమంటాండారే!"