సింగిల్ కార్డ్

మా ఆఫీసు గేటుకు ‘ఎడిటర్ ఆఫీస్’ అని చిన్న బోర్డు ఉండేది. ఊళ్లో ఇంకెక్కడైనా అయితే ఫరవాలేదు. జూబ్లీహిల్స్‌లో ఎడిటర్ అంటే సినిమా కత్తిరించేవాడు. మాది మూడు నెలలకొకసారి వచ్చే భాషాశాస్త్ర పత్రిక. ప్రొఫెసర్‌గా చేసి రిటైరైన మా సార్ దానికి సంపాదకుడు, ఆయన కూతురింటి కార్ షెడ్డు దాని ఆఫీసు, పీహెచ్‌డీ చేస్తున్న నేను దాని మొత్తం సిబ్బంది. వారానికి ఇద్దరైనా ఫొటో ఆల్బమ్ చంకలో పెట్టుకుని మా షెడ్డులోకి వచ్చేవాళ్లు. నేను యూసుఫ్‌గూడ నుంచి కృష్ణానగర్ మీదుగా ఎత్తెక్కి, రొప్పుతూ గేటు దగ్గరికి చేరితే ఎదురింటి డ్రైవర్లు “ఆడిషన్ పక్క గేటు మేడం” అని చెయ్యి చూపించేవాళ్లు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఒళ్లు మండేది.

నేను చెప్పబోయే ఆయన కూడా అలా పొరపాటున వచ్చినవాడే. నలభై దాటిన మనిషి, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా. “మార్చిన డైలాగులండీ, ఎడిటర్ గారికి ఇచ్చి రమ్మన్నారు” అంటూ కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టాడు. ఇది ఆ ఎడిటర్ కాదన్నాను. మరి ఏ ఎడిటర్ అన్నాడు. మాటలు ఎలా పుడతాయి, ఎలా మారతాయి అని వ్యాసాలు వేసే పత్రిక అని చెప్పాను. పోతాడనుకుంటే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మీరేం చేస్తారని అడిగాను.

“ఘోస్ట్‌నండీ.”

దర్జీని అన్నట్టు, మేస్త్రీని అన్నట్టు అంత మామూలుగా అన్నాడు. సీన్లు ఈయన రాస్తాడు, తెర మీద పేరు పెద్ద రచయితది పడుతుంది. కోస్తా నుంచి వచ్చి కృష్ణానగర్‌లో గది తీసుకుని పన్నెండేళ్లయింది. ఇన్నేళ్లలో ఒక్క సినిమాలోనూ తన పేరు పడలేదు.

నాకు మాత్రం వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. నా పరిశోధన సినిమా పనివాళ్ల మాటల మీదే. మూడు నెలలుగా నోటుబుక్కు పట్టుకుని కృష్ణానగర్‌లో తిరుగుతున్నా ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. పత్రికామె అనుకుని కొందరు, పోలీసుల తాలూకు అనుకుని కొందరు తప్పుకున్నారు. ఈయనేమో అడక్కుండానే మాట మీద మాట చెప్పుకుపోతున్నాడు. నేను ఆయన్ని అన్నా అని పిలిచాను. ఆయన రెండో వారానికే చెల్లెమ్మా అన్నాడు.

ఆదివారం బోరబండలో ప్రార్థన అయిపోయాక ఆయన నేరుగా యూసుఫ్‌గూడలో ఇరానీ హోటల్‌కి వచ్చేవాడు. సీను రాసి పారేసిన కాగితాలను చీటీలుగా చింపి, వెనకవైపు ఒక్కో చీటీ మీద ఒక్కో మాట రాసి తెచ్చేవాడు. ఆ మాట ఎవరు ఎవరితో అంటారో, ఏ గొంతుతో అంటారో చెప్పేవాడు. సింగిల్ కార్డ్ అనే మాట ఆయన దగ్గరే విన్నాను. టైటిల్స్‌లో నీ పేరు ఒక్కటే తెర నిండా పడితే అది సింగిల్ కార్డ్. గుంపులో పడితే చూసేవాడి కళ్లు చాలవు. తను రాసిన ప్రతి సినిమాకీ మొదటిరోజే వెళ్తానని, టైటిల్స్ అయిపోగానే లేచి వచ్చేస్తానని చెప్పాడు. సినిమా చూడరా అంటే, రాసినవాణ్ణి నేనే కదా, ఇంకేం చూడాలి అన్నాడు.

ఒక ఆదివారం ఆయన చాయ్ కప్పులు పక్కకు జరిపి చీటీలన్నీ బల్ల మీద పరిచాడు. పేకముక్కలు పంచినంత చకచకా నాలుగు కుప్పలు పోశాడు.

“ఇవి మనిషిని పిలిచే మాటలు. ఇవి పనిలోకి తోలే మాటలు. ఇవి ఆశపెట్టి కూర్చోబెట్టే మాటలు. ఇదుగో, ఇవి మనిషిని దాచే మాటలు.”

నాలుగో కుప్ప అన్నిటికంటే ఎత్తుగా ఉంది. ఘోస్ట్, డూప్, క్రౌడ్, బ్యాచ్, యూనిట్.

“చూశావా చెల్లెమ్మా, మా దగ్గర మనిషిని పిలిచే మాటలకంటే దాచే మాటలే ఎక్కువ.”

నేను నాలుగు నెలలుగా ఆ మాటలను అక్షరక్రమంలో పేర్చుకుంటూ కూర్చున్నాను. నా వ్యాసానికి వెన్నెముక లేదని సార్ రెండుసార్లు తిప్పి పంపారు. ఆ వెన్నెముక ఇప్పుడు చాయ్ మరకల మధ్య నా ముందుంది. ఇంటికి వెళ్లి వారం రోజుల్లో వ్యాసం మొత్తం తిరగరాశాను. ఆయన అన్న వాక్యమే కొంచెం గ్రాంథికంగా మార్చి మొదటి పేరాలో పెట్టాను.

అప్పట్లో ఊరంతా సాఫ్ట్‌వేర్ పూనకంలో ఉంది. నాతో చదివినవాళ్లు అమీర్‌పేటలో కోర్సులు చేసి ఒక్కొక్కరే ఉద్యోగాల్లో చేరిపోతున్నారు. తెలుగులో పీహెచ్‌డీ అంటే, పాపం ఏమైంది అన్నట్టు చూసేవాళ్లు. సార్ అల్లుడు కూడా సాఫ్ట్‌వేరే. మామగారి పత్రికను నెట్‌లో పెడతానని ఉత్సాహపడ్డాడు. అయితే ప్రచురణ నీతి నియమాలని ఒక పేజీ లేకపోతే బయటి యూనివర్సిటీలు మనల్ని లెక్కలోకి తీసుకోవన్నాడు. ఆ పేజీ రాసే పని సార్ నాకప్పగించారు. ఇతర పత్రికలవి చదువు, కానీ ఒక్క వాక్యం కూడా దించకు, దొంగతనం తప్పని చెప్పే పేజీని దొంగిలించి పెడితే నవ్విపోతారు అన్నారు.

నిజంగానే చెమటోడ్చి రాశాను. ‘ఆలోచనలోగాని, సేకరణలోగాని, విశ్లేషణలోగాని చెప్పుకోదగ్గ పాలు ఉన్న ప్రతివారి పేరూ రచయితగా ఉండాలి’ అన్నది మూడో నియమం. ‘సమాచారం ఇచ్చినవారికి ఇబ్బంది కలిగే అవకాశముంటే వారి పేరు గోప్యంగా ఉంచాలి’ అన్నది ఏడో నియమం. రెండూ ఒకే పొద్దున రాశాను. మూడు రాస్తున్నప్పుడు గుండె ఝల్లుమంది. ఏడు రాస్తున్నప్పుడు కుదుటపడింది. ఎందుకు కుదుటపడిందో నాకు ఆ క్షణంలోనే తెలుసు.

ఒక కాలేజీలో తెలుగు లెక్చరర్ పోస్టు పడింది. ఒంటరిగా రాసిన వ్యాసం ఒకటైనా అచ్చయి ఉండాలన్నారు. ఆ ఏడాది నేను విన్న పోస్టు అదొక్కటే. ఆయన పేరు పక్కన చేరిస్తే వ్యాసం ఇద్దరిదవుతుంది, ఉద్యోగం చెయ్యి జారుతుంది. మా అమ్మ నన్ను చూసి “ఏందే, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్, ఒక్కతాన కూసోరాదు?” అని విసుక్కునేది. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. ఆదివారాలు హోటల్‌కి వెళ్లడం తగ్గించాను. పని ఎక్కువైందన్నా అని ఫోన్‌లో చెప్పాను.

నేను ఆఫీసు మనిషిని కాబట్టి నా వ్యాసం వెయ్యాలో వద్దో తనే తేల్చకూడదని సార్ వేరే ఊళ్లో ఉన్న పరిశీలకుడికి పేరు తీసేసి పంపించారు. ఆ పరిశీలకుడి అభిప్రాయం వచ్చింది. వ్యాసానికి ప్రాణం ఈ నాలుగు భాగాల వర్గీకరణేనని, రచయిత చురుకుదనం మెచ్చుకోదగిందని రాశాడు. సార్ కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

“బాగుందమ్మా. ఈ వర్గీకరణ ఎలా తట్టింది నీకు?”

ఆయన మామూలుగానే అడిగారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నాకే అందులో ఆరా వినిపించింది.

“చీటీలు ముందేసుకుని చూస్తుంటే తట్టింది సార్” అన్నాను.

చీటీలున్న మాట నిజమే, చూస్తున్న మాటా నిజమే. సార్ సంతోషించి, కొత్త నియమాల ప్రకారం ఇవ్వాల్సిన హామీపత్రం బయటికి తీశారు. ‘ఈ వ్యాసంలో పాలున్నవారందరి పేర్లూ పేర్కొన్నాను’ అని ఉంటుంది అందులో. ఆ వాక్యం కూర్చింది నేనే, దాని కింద మొట్టమొదటి సంతకం పెట్టిందీ నేనే. కంచే చేను మేసిందంటే ఇదే.

సంచిక వచ్చిన ఆదివారం ఇక తప్పించుకోలేకపోయాను. ఆయన బైబిల్ సంచి బల్ల మీద పెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. మా వ్యాసం పేజీ దగ్గర ఆగాడు. పైన నా పేరు ఒక్కటే ఉంది.

“సింగిల్ కార్డ్ పడిందే చెల్లెమ్మా!” అన్నాడు. హోటల్ అంతా తిరిగి చూసింది. ఆ గొంతులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. నిజంగా సంబరపడ్డాడు. అదే నన్ను ఎక్కువగా చంపింది.

తర్వాత మొదటి పేజీలోకి వెళ్లి వెతికాడు. సినిమాల్లో కృతజ్ఞతల కార్డు టైటిల్స్ కంటే ముందే పడుతుంది, ఆ అలవాటు. అక్కడ లేదని నేనే చివరి పేజీ తిప్పి చూపించాను. ‘మాటలు సేకరించి ఇచ్చిన మొదటి సమాచారదాతకు కృతజ్ఞతలు’ అని ఉంది. ఆయన రెండుసార్లు చదివాడు.

“మొదటి సమాచారదాతంటే నేనేనా?”

“మీరే అన్నా. పేరు వెయ్యొద్దని రూల్ ఉన్నది. మీకు ఇబ్బంది కావొద్దని.”

“ఎవరు పెట్టారమ్మా ఆ రూలు?”

“పత్రికోళ్లు” అన్నాను.

ఆయన తలూపాడు. మంచి రూలేలే అన్నాడు. చాయ్ చల్లారిపోతోందని నన్ను తాగమన్నాడు. వెళ్లేముందు ఆ కాపీ నాకే తిరిగిచ్చి, “సంతకం పెట్టియ్యి చెల్లెమ్మా, దాచుకుంటాను” అన్నాడు. పెట్టిచ్చాను. ఆ సంతకం పెట్టిన చెయ్యి ఇప్పటికీ నాకు పరాయిదిలా ఉంటుంది.

ఉద్యోగం వచ్చింది. పిల్లలకు పరిశోధన పద్ధతులు చెప్పమని నాకే పేపర్ ఇచ్చారు. ఇతరుల ఆలోచన వాడుకుంటే పేరు చెప్పాలని ఏటా జూన్‌లో శ్రీరంగనీతులు మొదలుపెట్టేదాన్ని. ఆ వ్యాసాన్ని వేరేవాళ్లు ఉదహరించినప్పుడల్లా నాలుగు భాగాల వర్గీకరణ నా పేరుతోనే ప్రస్తావించేవాళ్లు. ఒక సెమినార్‌లో ఎవరో దాన్ని మెచ్చుకుంటుంటే మధ్యలో లేచి బయటికి వచ్చేశాను. ఆరోగ్యం బాగాలేదనుకున్నారు.

కొన్నేళ్లకు ఇక ఉండబట్టలేక కృష్ణానగర్ వెళ్లాను. అదే సందు, అదే గది. బయట మాత్రం సాఫ్ట్‌వేర్ పిల్లల హాస్టళ్లు లేచాయి. ఆయన జుట్టు నెరిసింది. ఇప్పుడు సీరియళ్లకు రాస్తున్నానన్నాడు. పేరు పడుతోందా అని అడగలేదు. మంచం మీద కూర్చోకుండానే చెప్పేశాను. ఆ రూలు పత్రికవాళ్లు పెట్టింది కాదు, నేను రాసిందేనన్నాను. మీ పేరుతో సవరణ వేయిస్తానన్నాను.

“నాకు తెలుసులే” అన్నాడు. “నువ్వు పుస్తకం ఇచ్చిన వారమే నెట్ సెంటర్‌కి వెళ్లి చూశాను. ఆ నియమాల పేజీ చివర నీ పేరుంది కదమ్మా. రాసినది ఫలానా అని.”

నా పేరు అక్కడుందని నాకే తెలియదు. ఎవరు చేసిన పని వాళ్లకు దక్కాలని సార్ నాతో చెప్పకుండానే వేయించారు. ఇన్నేళ్లూ పండగలకు ఫోన్ చేసి చెల్లెమ్మా అని పలకరించింది అన్నీ తెలిసిన మనిషే.

“అడగలేదేంది అన్నా?”

“అడిగితే నువ్వు ఇంకో అబద్ధం చెప్పాల్సొచ్చేది” అన్నాడు. “ఇప్పుడు నా పేరు వెయ్యకు. ఘోస్ట్ నోరు విప్పాడంటే ఈ సీరియళ్లూ ఉండవు. నీ ఏడో నంబరు రూలు నాకు నిజంగానే పనికొస్తోంది చూడు.” నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

“మరి ఏం చెయ్యమంటరు?”

“నీది కాదని వెయ్యి చాలు. ఎవరిదో ఎవరికీ అక్కర్లేదు. నీది కాదని ఒక్క లైను.”

ఆ ఒక్క లైను ఆ సాయంత్రమే టైపు చేశాను. పంపలేదు. అప్పుడే ప్రమోషన్ ఫైలు నడుస్తోంది, అందులో ఆ వ్యాసమే మొదటి వరసలో ఉంది. అది అయ్యాక పంపుదామనుకున్నాను. అది అయ్యింది. ఈలోపు సార్‌కి చూపు తగ్గి పత్రిక ఆగిపోయింది. సవరణ వేయడానికి సంచికే లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పోయినేడు వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నాను. ఇప్పుడు పోగొట్టుకునేదేమీ లేదు కాబట్టి రాస్తున్నానని ఎవరైనా అంటే కాదనను.

ఇందులో ఎవరి పేరూ రాయలేదు. ఆయన వద్దన్నాడు కాబట్టి ఆయనది లేదు. ఆయన పేరు లేనిచోట పైన నాదొక్కటే ఉండటం నాకిష్టం లేదు కాబట్టి నాదీ రాయలేదు. ఆయన అడిగిన లైను మాత్రం ఇదుగో: ఆ నాలుగు కుప్పలు నావి కావు.