నడుములోతు నీళ్ళలో లండన్ దెయ్యం

సెలవలకి గుడివాడ నుంచి వచ్చిన మా మనవరాలు మొన్న మధ్యాహ్నం టీవీలో ఏదో పాత నలుపు తెలుపు ధారావాహిక పెట్టింది. ఇంగ్లండువాళ్ళు అరవైల్లో తీసిందట, ఎవరో దాచి ఇప్పుడు ఇంటర్నెట్లో పెట్టారట. నేను ఆ వేళకి కునుకు తీసే మనిషిని. ఈ వయసులో మెలకువగా ఉండటం కూడా ఓ ఉద్యోగమే, దానికీ సెలవులు ఎక్కువే పెడుతున్నాను. రెప్పలు వాలుతుండగా మంచులో ఓ పాడుబడ్డ కోట, నేలమాళిగ మెట్లు, చంద్రుడి అవతలికి వెళ్ళొచ్చి సొంత పేరే మరిచిపోయిన ఓ పెద్దమనిషి కనిపించారు. నిద్ర ఎగిరిపోయింది. ఈ కథ చూడటం ఇదే మొదలు. కానీ దాదాపు అరవై ఏళ్ళ కిందటే పెడనలో దీన్ని పదిమందికి చదివి వినిపించినవాణ్ణి నేనే.

పెడనలో మా పెదనాన్నకి కలంకారీ అద్దకం షెడ్డు ఉండేది. బి.ఏ. రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక, నేను అందులో ఉత్తరాలు రాసే పనికి కుదిరాను. మా బావ, అంటే అక్క మొగుడు, లండన్‌లో ఆస్పత్రి ఉద్యోగి. వాళ్ళు అద్దెకున్న ఇంటావిడ హాల్లో టెలివిజన్ ఉండేది. శనివారం సాయంత్రం అందులో చూసిన కథంతా బావ నీలం ఎయిర్ లెటర్లో అంచులు కూడా వదలకుండా రాసేవాడు. అక్క క్షేమం చివరి రెండు లైన్లకి సర్దుకునేది. టెలివిజన్ అంటే రేడియోకి కిటికీ పెట్టారని తప్ప మాకేం తెలీదు. బట్టకి పట్టించే కరక్కాయ నీళ్ళ వగరు వాసనలో, బల్లల మీద కొయ్య అచ్చులు టపటప పడుతుంటే ఆ ఉత్తరాలు పనివాళ్ళకి చదివేవాణ్ణి. సూర్యుడికంటే ముందు నుంచీ కోట కింద ఏదో ఉంది. దానికి మనమీద కోపం లేదు, అసలు మనం ఉన్నామన్న సంగతే దానికి పట్టదు. ఆ ముక్క దగ్గర అచ్చుల చప్పుడు ఆగిపోయేది.

అందరికంటే ఎక్కువ భయపడేవాడు ఉతుకు మావయ్య. చుట్టం కాదు, కృత్తివెన్ను వైపు నుంచి వచ్చిన మనిషి. వయసులో సముద్రం మీద వేటకి వెళ్ళి, ఒళ్ళు సడలాక మా దగ్గర బట్టలు ఉతికే పనికి చేరాడు. అచ్చేసిన బట్టని పారే నీళ్ళలోనే ఉతకాలి. మిగులు రంగుని ప్రవాహం లాక్కుపోవాలి. నిలవ నీళ్ళలో ముంచితే ఆ రంగు పాకి తెల్లటి చోటంతా పాడవుతుంది. అందుకని ఆయన కాలవలో నడుములోతున నిలబడి పొద్దస్తమానం జాడించేవాడు.

ఓ ఎండాకాలం బావ ఉత్తరం రాలేదు. అప్పటికి బందరు షావుకారు దుప్పట్లు రెండొందలు అచ్చయి, ఉతకడానికి ఉన్నాయి. మరమ్మతులకని మరో మూడు రోజుల్లో కాలవ కట్టేస్తారు. అంతకుముందే రెండుసార్లు సరుకు ఆలస్యమైంది. ఈసారి కూడా తప్పితే ఇక అచ్చులు అటకెక్కించడమేనని పెదనాన్న అనేశాడు. షెడ్డులోవాళ్ళకి అదేం పట్టలేదు, కథ ఏమైందని నా ప్రాణం తీశారు. ఉత్తరం రాలేదని చెప్పి ఊరుకోవచ్చు. బట్టకి రంగులద్దేవాళ్ళ మధ్య కూర్చున్న పాపానికి, నేనూ కథకి ఓ రంగు అద్దాను. ఉత్తరం వచ్చిందన్నాను. కోట కింది జీవి కాలవలో పడిందనీ, సముద్రం వెతుక్కుంటూ దిగువకి వస్తోందనీ, దారిలో నడుములోతున నిలబడ్డవాళ్ళ కాళ్ళు తడుముతోందనీ చెప్పాను.

మర్నాడు మావయ్య గట్టు మీదే కూర్చున్నాడు. పెదనాన్న బతిమాలాడు, కసిరాడు, సముద్రం చూసినవాడివి పంటకాలవకి జడుస్తావా అని ఎత్తిపొడిచాడు.

"మన దెయ్యాలైతే దండం పెడితే వింటాయండీ. ఇది లండన్‌ది. మన భాషే రాదు," అన్నాడు మావయ్య.

పెదనాన్న నావైపు తిరిగాడు. "కాలవలోకి దాన్ని దింపింది నువ్వు. నువ్వే దిగు."

దిగాను. తడిసిన దుప్పటి ఎంత బరువో ఆ రోజే తెలిసింది. మూడోది జాడించేసరికి భుజాలు నావి కావనిపించింది. అంతలో కాలికి మెత్తగా ఏదో చుట్టుకుంది. నాచే. నాచని తెలుసు. కథ నేనే అల్లానని కూడా తెలుసు. అయినా కదల్లేకపోయాను, దుప్పటి చేతిలోంచి జారి కొట్టుకుపోతోంది.

మావయ్య గట్టు దిగాడు. పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో. దుప్పటి అందుకుని నా చేతికిచ్చి, నన్ను దాటి వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వు దిగువన ఉండు అల్లుడూ. అది వచ్చేది ఎగువ నుంచే కదా," అన్నాడు.

మూడు రోజులు అలాగే ఉతికాం. నీళ్ళు మోకాళ్ళకి దిగుతుండగా ఆఖరి దుప్పటి గట్టెక్కింది, షెడ్డూ గట్టెక్కింది. ఆ ఉత్తరం అబద్ధమని మావయ్యకి చెప్పాలని రోజూ అనుకునేవాణ్ణి. చెబితే ఆయన ధైర్యం కూడా అబద్ధమైపోతుందేమోనని ఓసారి, నా మొహం చెల్లక చాలాసార్లు, ఊరుకున్నాను.

మొన్న కథ చివరిదాకా చూశాను. ఆ జీవి రబ్బరు తొడుగులా ఉంది, కోట దాటి ఎక్కడికీ రాలేదు. కాలవే లేదు. భయమేసిందా తాతయ్యా అని మనవరాలు నవ్వింది. లేదన్నాను. ఆనాడు కాలవలో నాకూ దానికీ మధ్య నిలబడ్డ మావయ్య లేడు, పెదనాన్న లేడు, బావ లేడు. అలిసిన కాళ్ళతో ఇప్పుడు ఎగువన ఉన్నది నేనే. కాలం మటుకు అదే వడిన వస్తోంది, నేనిక్కడ ఉన్నానన్న సంగతే దానికి పట్టనట్టు.