కళాయి పూసిన ఫిరంగి

2023 శీతాకాలం. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఒక చిన్న లోహ పరీక్షల ల్యాబ్‌లో నాకది ఆరో ఏడు. మా పని ఎక్స్‌ఆర్‌ఎఫ్. అంటే లోహం మీద ఎక్స్‌రే వేసి, ముక్క కోయకుండానే అందులో ఏమేం ఉన్నాయో చెప్పడం.

మా వర్క్‌షాప్‌లో వెల్డర్ స్తొయాన్, బల్గేరియా మనిషి. ఒకరోజు టెర్మిన్, అంటే ముందుగా టైమ్, అడిగి మరీ వచ్చి, తువ్వాలు విప్పి అరచేతంత రాగిరేకు నా ముందు పెట్టాడు.

వాళ్ల దేశాన్ని ఒట్టోమన్ సుల్తానులు దాదాపు అయిదు వందల ఏళ్లు ఏలారు. 1876లో తిరగబడ్డ పల్లెల దగ్గర ఫిరంగులెక్కడివి? చెర్రీ మొద్దులు తొలిచి, లోపల రాగి గొట్టం బిగించి, వాటితోనే పోరాడారట.

"ఆ గొట్టానికి మా అమ్మ ముత్తవ్వ తన వంట కాగు ఇచ్చేసిందట. ఈ రేకు ఆ ఫిరంగి ముక్కేనంటుంది అమ్మ. మా ఊరి మ్యూజియం వాళ్లేమో ఇది నీళ్ల గొట్టం ముక్క అన్నారు. ఆ రోజు నుంచి అమ్మ ఊళ్లో తల ఎత్తుకోలేకపోతోంది. మీరు తేల్చండి," అన్నాడు.

పరీక్షిస్తే రాగి, లోపలి వైపు తగరం. "తగరముందంటే అతుకు పెట్టినట్టే. నీళ్ల గొట్టమే అయ్యుంటుంది," అనేశాను. నా నోటికి తొందరెక్కువ. అతను రేకును మళ్లీ తువ్వాల్లో చుట్టుకున్నాడు.

అయినా మనసొప్పలేదు. అతుకైతే ఒక గీతలా ఉండాలి కదా, ఇది లోపలంతా పరుచుకుని ఉందేమిటి? ఆదివారం వరంగల్‌కి ఫోన్ చేసినప్పుడు మా అమ్మతో చెప్పాను.

"గది కళాయి బిడ్డా. రాగి గిన్నెల పులుసు కాస్తె చిలుం పట్టదా? లోపలంత కళాయి పూపిస్తం. ఇంత సదివినవ్, గిది తెల్వదా?"

సిగ్గేసింది. సోమవారం స్తొయాన్‌ను బతిమాలి రేకు మళ్లీ తెప్పించాను. ఈసారి ఓపిగ్గా చూస్తే, కళాయి మీద గంధకం, పొటాషియం కనిపించాయి. రెండూ పాతకాలపు తుపాకిమందులో ఉండేవే. వంట చేసిన వైపే మందు పేలింది. రిపోర్టులో అదే రాశాను. ఎవరి కాగో మాత్రం యంత్రం చెప్పలేదని కూడా రాశాను.

"నన్ను క్షమించండి. మీ అమ్మగారు చెప్పిందే నిజమనిపిస్తోంది," అన్నాను. ఆ పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. సామ్రాజ్యం మీదికి వంటగిన్నెతో వెళ్లారు ఆ మనుషులు.

అప్పటినుంచి ఎవరు పాత లోహం తెచ్చినా, మిషన్ ఆన్ చేసేముందు ఇంట్లోవాళ్లు ఏమంటారో అడుగుతున్నాను. ఆ రోజు స్తొయాన్‌ను ఆలస్యంగానైనా అడిగాను.

"కాగు ఇచ్చేశాక వంట దేంట్లో చేసుకున్నారు?"

"మట్టికుండలో. చిక్కుడుగింజలు ఇప్పటికీ కుండలోనే. రాగి కాగు కొంటానంటే అమ్మ ఒప్పుకోదు. మన కాగు యుద్ధానికి వెళ్లింది, ఇంకా తిరిగి రాలేదంటుంది."

రేకును తువ్వాల్లో నేనే చుట్టి, రెండు చేతులతో అతనికి అందించాను.