మునిలక్ష్మి తాపిన పాలు

మునిలక్ష్మికి ఒళ్లంతా కుళ్లే. ఈ మాట ఆమె ముఖం మీదే అన్నాను, ఎవరడిగినా ఇప్పుడూ అంటాను. కువైట్‌లో, జాబ్రియా అనే పేటలో ఒక కువైటీల ఇంట్లో నేను వంట చేస్తాను, ఆమె పిల్లవాణ్ణి చూసుకునేది. ఇద్దరిదీ రాయచోటి వైపే. ఆ పిల్లవాడు ఫహద్ పుట్టినప్పటి నుంచి ఆమె చంకలోనే పెరిగాడు. వాడు తన సొంతమే అనుకుంది పిచ్చిది.

వాడికి నాలుగేళ్లు వచ్చాక మామా, అదే వాడి తల్లి, మా యజమానురాలు, ఇంకో మనిషిని పెట్టింది. పేరు నాగదుర్గ, కోనసీమ పిల్ల. ఇంటర్ చదివింది, ఇంగ్లీషు మాట్లాడుతుంది. ఫోన్లో బొమ్మలు చూపించి పాటలు పాడించేది. పసివాడికి కొత్త మనిషంటే మోజు కదా, దుర్గా దుర్గా అంటూ వెంటబడ్డాడు. ఇక చూడాలి మునిలక్ష్మిని! దుర్గ దువ్విన తలను చెరిపి మళ్లీ దువ్వేది. దుర్గ చేత్తో వాడు అన్నం తింటే ఈమెకు ముద్ద దిగేది కాదు. ఎవరు పెడితే ఏమమ్మా, వాడి కడుపు నిండింది కదా అన్నందుకు నాతో మాట్లాడటం మానేసింది.

ఆ రోజుల్లోనే వాడికి తరచూ తలనొప్పి వస్తుంటే డాక్టరు స్కాన్ రాశాడు. అంత చిన్నవాడు యంత్రంలో కదలకుండా పడుకోడు కాబట్టి మత్తుమందిచ్చి నిద్రపుచ్చుతారట. ఆ పొద్దున ఏమీ పెట్టొద్దు, పాలు కూడా తాపొద్దు అని ఆసుపత్రివాళ్లు గట్టిగా చెప్పారు. మామా ఆ బాధ్యత దుర్గకు అప్పగించింది. అదే మునిలక్ష్మికి తగలరాని చోట తగిలింది.

దానికి తోడు మా వైపు బిడ్డను ఉత్త కడుపుతో గడప దాటించరు, అందులోనూ ఆసుపత్రికి. స్కాన్ రోజు పొద్దున దుర్గ స్నానానికి పోగానే, ఆకలని ఏడుస్తున్న వాడికి మునిలక్ష్మి గ్లాసెడు పాలు తాపేసింది. వాడు ఆమె మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెట్టాడు. ఆ ముద్దు కోసమే తాపింది, నాకు తెలియదా!

మామాతో పాటు ఇద్దరూ ఆసుపత్రికి పోయారు. అక్కడ జరిగింది తర్వాత దుర్గే నాకు చెప్పింది. ఏమైనా తిన్నాడా అని మలయాళీ నర్సు అడిగితే, లేదని దుర్గ ధైర్యంగా చెప్పింది. నర్సు మందు తెచ్చింది. తిని ఉంటే ఏమవుతుంది అని మునిలక్ష్మి హిందీలో మెల్లగా అడిగింది. మత్తులో ఉన్న బిడ్డకు వాంతి వస్తే దగ్గలేడు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణానికే ముప్పు అని నర్సు చెప్పింది.

నోరు మూసుకుంటే తప్పంతా దుర్గ మీద పడేది. కానీ మునిలక్ష్మి వాడికి అడ్డంగా నిలబడింది.

"మామా, హలీబ్ నేనే తాపినా. దుర్గకు తెల్దు," అంది, పాలను అరబ్బీలో చెప్తూ.

మందు ఇవ్వలేదు. స్కాన్ ఇంకో రోజుకు వాయిదా పడింది. మామా తిట్టలేదు, పనిలోంచి తీసేసి ఊరికి పంపించనూ లేదు. పిల్లవాణ్ణి మాత్రం పూర్తిగా దుర్గకు అప్పగించి, మునిలక్ష్మిని బట్టలుతికే పనిలో వేసింది.

మళ్లీ స్కాన్ రోజు వచ్చింది. ఆకలేస్తే ఎవరు పెడతారో వాడికి తెలుసు. తిన్నగా బట్టలుతికే గది దగ్గరికి పోయి తలుపు బాదాడు. ఆమె లోపల గడియ వేసుకుంది. కనీసం పలకవే, గొంతు పోయేలా ఏడుస్తుండాడు అన్నాను.

"పలికితే తాపుతా, వెంకటేశ్వరీ. నామీద నాకు నమ్మకం లేదు," అంది లోపల్నుంచి.

వాడు తలుపును కాలితో తన్ని, "నువ్వు నాకొద్దు, పో. దుర్గే కావాల," అన్నాడు. ఆమె నేర్పిన మా రాయచోటి తెలుగులోనే అన్నాడు. దుర్గ వచ్చి ఎత్తుకుపోయింది.

కారు వెళ్లిన చప్పుడు విన్నాకే మునిలక్ష్మి తలుపు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"దుర్గ ఎత్తుకుంటే ఏడుపు మానినాడా?"

"మానినాడు," అన్నాను.

మళ్లీ లోపలికి పోయి గడియ వేసుకుంది.