ల్యాబ్ అక్క అనుమానం

ల్యాబ్ అక్క చనిపోయిందన్న కబురు వాట్సాప్‌లో వచ్చింది. మా శుక్రవారం ప్రార్థన కూడిక గ్రూపులో సంఘ పెద్ద గొంతుతో ఒక వాయిస్ మెసేజ్, దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేను ఇక్కడ మస్కట్‌లో, మబేలా క్లినిక్‌లో డ్యూటీలో ఉన్నాను. నమ్మలేదు. నమ్మకపోవడం అక్క దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి, గ్రూపులో నేనూ ఓ బొమ్మ పెట్టకుండా, నేరుగా పెద్దాయనకే ఫోన్ చేసి ఎవరు చూశారని అడిగాను. ఆయనకు బహ్లాలో ఎవరో చెప్పారట. ఆ ఎవరికో కాకినాడ నుంచి ఇంకెవరో చెప్పారట. ఇలా చేతులు మారిన మాటను అక్క ఎప్పుడూ ఖాతరు చేసేది కాదు. చివరికి అక్క తమ్ముడి నంబరు సంపాదించాను. సెలవు మీద ఇంటికి వచ్చి, మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి లేవలేదని, టీ ఇద్దామని తట్టి లేపబోయింది తనేనని అతను చెప్పాడు. చూసిన మనిషి దొరికాడు. ఇక నమ్మక తప్పలేదు. డ్రెస్సింగ్ రూమ్‌లోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

ఆ వారం జ్ఞాపకార్థ కూడిక మా ఇంట్లోనే జరిగింది. పెద్దాయన లేచి, మన సిస్టర్ అందరినీ నమ్మేది, ఎవరినీ అనుమానించి ఎరగదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలి, కాదనను. కానీ మంచి చెప్పే పేరుతో మనిషినే మార్చేస్తే ఎలా? అక్క ఎవరినీ నమ్మేది కాదు. పాల ప్యాకెట్ మీద తారీకును నమ్మేది కాదు. తలుపుకు తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కొచ్చి లాగి చూసేది. ఇన్నేళ్ళ నర్సును, నేను బీపీ చూసి చెబితే, "రెండో చేతికి కూడా కట్టు" అనేది. ఆవిడ మంచితనమంతా ఆ అనుమానంలోనే ఉంది. దానివల్లే మా సంఘంలో ఒక మనిషి బతికి బట్టకట్టింది. ఆ సంగతి చెప్పకుండా ఊరుకోవడం నావల్ల కాదు.

అక్క ఉండేది హమ్రియాలో, ఇద్దరు మలయాళీ అమ్మాయిలతో కలిసి ఒక పాత ఫ్లాట్‌లో. పని మస్కట్ శివార్లలోని ఒక కాలేజీ ల్యాబ్‌లో. అక్కడి ప్రొఫెసర్ ఉమ్మెత్త మొక్క మీద పరిశోధన చేసేవాడు. ఉమ్మెత్తలో విషముందని మనందరికీ తెలుసు. ఆ విషం, అంటే ఆల్కలాయిడ్, మొక్కలో ఎలా తయారవుతుందన్నది వాళ్ళ పని. దాన్ని తయారుచేసే ఎంజైములది పెద్ద కుటుంబమట. అందులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, అచ్చం ఒకే పోలిక. ఇద్దరూ ఒకే పదార్థాన్ని చేతిలోకి తీసుకుంటారు. ఒకతె ఇటు తిప్పి పెడుతుంది, ఇంకొకతె అటు. ఇటు తిప్పిందే పోగా పోగా అట్రోపిన్ జాతి విషమవుతుంది. అటు తిప్పింది ఇంకేదో అవుతుంది. మేం క్లినిక్‌లో సూదిలోకి ఎక్కించే అట్రోపిన్ వెనక ఇంత కాపురం ఉందని అక్క చెప్పేదాకా నాకు తెలియదు.

"అదంతా జరిగేది వేళ్ళలోనే. తర్వాత ఆకుల్లోకి ఎక్కుతుంది. ఆకులో దొరికింది కదా అని ఆకే చేసిందంటే ఎలా?" అనేది. అప్పట్లో అది నాకు చదువుకున్నవాళ్ళ కబుర్లలా వినిపించేది.

ఎంజైము వేడికి చచ్చిపోతుందని ఆకును, వేరును ఐస్‌లో పెట్టి నూరేది. మస్కట్ ఎండలో ఐస్ డబ్బాను చంటిపిల్లను పట్టుకున్నట్టు గుండెకు హత్తుకుని నడిచేది. ఏ పరీక్ష చేసినా ఒక గొట్టాన్ని బాగా ఉడకబెట్టి పక్కన పెట్టేది. ఉడికిన గొట్టంలో ఎంజైము ఉండదు కదా, అందులోనూ రంగు వచ్చిందంటే అది ఎంజైము చేసిన పని కాదు, ముందునుంచీ అక్కడున్నదే. ఆ గొట్టం లేకుండా వచ్చిన ఫలితాన్ని ప్రొఫెసర్ చూపించినా ఒప్పుకునేది కాదు. మా కూడికలో ఎవరైనా ఇంకొకరి మీద చాడీ మోసుకొస్తే, "ఉడకబెట్టి చూద్దాం" అని నవ్వేది. చాలామందికి ఆ నవ్వు నచ్చేది కాదు.

ఆయిల్ రేటు పడిపోయిన ఏడాది అది. ఏ కంపెనీలో ఎవరిని పంపేస్తారో తెలియక, ఒకరినొకరు ఓరగా చూసుకునే రోజులు. మా ఇంట్లో జరిగే కూడికకు రవణమ్మ అని కడప వైపు మనిషి కొత్తగా రావడం మొదలుపెట్టింది. మబేలాలోనే ఒక ఒమానీ ఇంట్లో వంటమనిషి. ఇంటి యజమానిని, అంటే అర్బాబును, బతిమాలుకుని శుక్రవారం ఓ పూట వచ్చేది. వచ్చిందంటే మా వంటగది ఆమెదే. కూడిక తర్వాత అందరం కలిసి తినే భోజనం ఆమె చేతి మీదే నడిచేది. అయినా మావాళ్ళు కొందరు ఆమెను దూరంగానే పెట్టారు. ఇంకా బొట్టు తియ్యలేదేమని ఒకరు, ఇంత వినయంగా ఉందంటే ఏదో ఉందని ఒకరు.

ఒక శుక్రవారం పెద్దాయన బహ్లా నుంచి ఒక గోతం నిండా తోటకూర తెచ్చాడు. అక్కడి ఖర్జూరం తోటలో పనిచేసే మనవాడెవడో చెట్ల మధ్య పెంచాడట. ఈ ఎడారిలో లేత తోటకూర అంటే మాకు పండగే. ఆకు వాసన కాస్త తేడాగా ఉందని వంటగదిలో మాట వచ్చింది గానీ, ఇక్కడి మట్టి వాసనేమో, బాగా ఉడికితే పోతుందిలే అనుకుని పప్పులో వేసేశాం. కుక్కర్ మూత పెట్టాక అక్క వచ్చింది. పప్పుకు తాలింపు పెట్టి, ల్యాబ్‌లో ఏదో చూసుకోవాలని తినకుండానే వెళ్ళిపోయింది. రవణమ్మ కూతురి పరీక్షల కోసమని ఆ రోజు ఉపవాసం.

భోజనాలయ్యాక పెద్దాయన భార్యకు నోరెండిపోయింది. ముఖం ఎర్రబడింది. కంటిపాపలు ఇంతింతయ్యాయి. ఎవరూ లేని చోట ఎవరితోనో మాట్లాడుతూ, గాలిలోంచి దారాలు లాగడం మొదలుపెట్టింది. పప్పు ఎక్కువగా తిన్న ఇద్దరు కుర్రాళ్ళకూ అదే వరస. కారులో ఎక్కించి మా క్లినిక్‌కు తీసుకెళ్ళాను. అట్రోపిన్ లాంటిదేదో ఒంట్లోకి వెళ్ళినట్టుందని డాక్టర్ చెప్పి పెద్దాసుపత్రికి పంపేశాడు. మర్నాటికి ముగ్గురూ తేరుకున్నారు.

ఈలోపు మాట పుట్టనే పుట్టింది. రవణమ్మ మందు పెట్టింది. మన వైపు మందు పెట్టడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు మందులు చేత్తో ఇచ్చే నర్సులు కూడా ఆ మాట నమ్మేశారు. శనివారం సాయంత్రం పెద్దాయన ఇంట్లో అందరం చేరాం. రవణమ్మ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. ఈమె అర్బాబుకు చెప్పేద్దామని, ఆ ఇంట్లో పిల్లలకు వండుతున్న మనిషని, రేపు ఏమైనా అయితే సంఘం మీదకు వస్తుందని పెద్దాయన అన్నాడు. పైకి న్యాయంగానే వినిపించింది. కానీ ఆ ఒక్క ఫోన్ వెళితే రవణమ్మను పోలీసులు తీసుకెళతారని, బయటపడినా ఈ దేశంలో ఇక పని దొరకదని అక్కడున్న అందరికీ తెలుసు.

"నా బిడ్డల మింద ప్రమాణంగా చెప్తాండా సారూ, నేనేమీ కలపలేదు" అంది రవణమ్మ. ఆమె వైపు ఎవరూ చూడలేదు.

అప్పుడు అక్క అడిగింది. "కలపడం ఎవరు చూశారన్నయ్యా?"

"చూడాలా సిస్టర్? తనే వండింది. తను మాత్రం తినలేదు."

"నేనూ తినలేదు. తాలింపు పెట్టింది నేనే. మన సంఘంలో ఉమ్మెత్తతో రోజూ పనిచేసేది కూడా నేనొక్కదాన్నే. ఆమె అర్బాబుకు చేసేముందు మా కాలేజీకి ఫోన్ చెయ్యండి. నాతో మొదలుపెట్టండి."

అక్క అంతటితో ఊరుకోలేదు. ఆకు ఎక్కడిదని అడిగింది. పెద్దాయనకు కోపం వచ్చింది, నన్నే అనుమానిస్తున్నావా అన్నాడు. అందరినీ అనుమానిస్తున్నానని అక్క నెమ్మదిగానే చెప్పింది. సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకున్న పెద్దాయన భార్య, ఆకు సగం మన ఫ్రిజ్‌లోనే ఉందిగా అంది. అక్క లేచి వెళ్ళి ఆ సంచీ తెచ్చుకుంది. ల్యాబ్‌లో పరీక్ష చేసి ఫలితం తెలిసేదాకా అర్బాబుకు ఫోన్ చెయ్యనని పెద్దాయన దగ్గర మాట తీసుకుంది. కడక్కుండా ఉన్న పప్పు గిన్నె మా ఇంట్లోనే ఉంది.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు అక్క మీదే అనుమానం వచ్చింది. ల్యాబ్ నుంచి చేతికో, బట్టలకో ఏదైనా అంటుకుని వచ్చి ఉంటే? ఇప్పుడు పరీక్ష చేసేదీ తనే, ఫలితం చెప్పేదీ తనే. ఉండబట్టలేక ఆ మాట మొహం మీదే అనేశాను. అక్క ముఖం వెలిగిపోయింది.

"అయితే నువ్వే రావాలి. నన్ను నమ్మేవాళ్ళు పక్కనుంటే ఏం లాభమే? వాళ్ళు చూడరు" అంది.

ప్రొఫెసర్‌ను అడిగి నన్ను ల్యాబ్‌లోకి తీసుకెళ్ళింది. సంచీలో ఆకులన్నీ బల్ల మీద పరిచింది. తోటకూర మధ్యలో అక్కడక్కడ ఇంకో లేత ఆకు, కొంచెం మెత్తగా, అంచు వంపులు తిరిగి. ఆ ఆకు పచ్చిది కొంత, ఉడకబెట్టింది కొంత, ఉత్త తోటకూర, పసుపు వేసిన ఉత్త పప్పు, మా గిన్నెలో మిగిలిన పప్పు, అన్నిటినీ విడివిడిగా నా చేత నూరించి, రసాలను గొట్టాల్లో పోయించింది. తర్వాత తను వెనక్కి తిరిగి నిలబడి, గొట్టాల వరస నన్నే మార్చెయ్యమంది. దేంట్లో ఏముందో నువ్వు గుర్తు పెట్టుకో, నాకు చెప్పకు అంది. అప్పుడు గాజు పలక మీద చుక్కలు పెట్టి, ఆల్కలాయిడ్ ఉంటే నారింజ రంగు తేలే ద్రావకం చల్లింది. రంగు తేలిన చోట్లు నాకు చూపించి, ఇప్పుడు చెప్పమంది. తోటకూరలో ఏమీ లేదు. పసుపు పప్పులో లేదు. ఆ వంపుల ఆకులో ఉంది, మా గిన్నెలో ఉంది. ఉడకబెట్టిన ఆకులో కూడా పచ్చిదానిలో ఉన్నంతా ఉంది.

ఉడికితే పోతుందని అనుకున్నాం కదా అన్నాను. అక్క కుర్చీలో కూలబడింది. "ఉడికితే చేసేది చచ్చిపోతుంది. అది చేసిపెట్టింది చావదు" అంది. తాలింపు పెట్టేముందు కుక్కర్‌లో ఏమాకు ఉందో చూడాల్సింది నేనే కదా అని కళ్ళు తుడుచుకుంది.

తర్వాతి శుక్రవారం మా హాల్లో దుప్పటి పరిచి, సంచీలో ఆకు దాని మీద పోసి, ఏది తోటకూరో ఏరమని పెద్దాయనను కూర్చోబెట్టింది. ఆయన ఏరిన కుప్పలోంచి రెండు ఉమ్మెత్త ఆకులు తీసి పక్కన పెట్టింది. బహ్లా తోటలో కలుపు మొక్క కూరలో కలిసిపోయిందంతే, అందులో ఎవరి కుట్రా లేదు. పెద్దాయన, దేవుడు కాపాడాడు అని లేవబోయాడు. "రవణమ్మ ఇక్కడే ఉంది అన్నయ్యా" అంది అక్క. ఆయన కూర్చున్నాడు. రవణమ్మ వైపు తిరిగి, తప్పయిపోయిందమ్మా అన్నాడు. రవణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజే అక్క ఒక చిన్న స్టీలు డబ్బా తెచ్చి రవణమ్మ చేతిలో పెట్టింది. ల్యాబ్‌లో ఏ పరీక్ష చేసినా, అసలు సరుకులోంచి కొంచెం దాచి ఉంచడం అలవాటు. వండినవాటిలో గరిటెడు ఇందులో తీసి, మర్నాడు అందరూ బాగున్నారని తెలిసేదాకా ఫ్రిజ్‌లో ఉంచమంది. రేపు ఎవరైనా నీ మీద మాట అంటే ఇదే నీ సాక్షి అని చెప్పింది. మనిషి మీద నమ్మకముందని ఎవరైనా అనగలరు. ఆ నమ్మకం లేనివాళ్ళ మధ్య ఆ మనిషి ఎలా బతకాలో ఆలోచించింది అక్క ఒక్కతే. ఆ డబ్బా అప్పటినుంచీ ప్రతి వారం మా ఫ్రిజ్‌లో ఉండేది. మర్నాడు మధ్యాహ్నం అక్క నాకు ఫోన్ చేసి అందరూ బాగున్నారా అని అడిగేది. నేను బాగున్నారంటే, ఎవరెవరిని అడిగావనేది. అప్పుడు పారబోసేదాన్ని.

మొన్నటి జ్ఞాపకార్థ కూడికలో భోజనాలు వడ్డించబోయేముందు, రవణమ్మ ఆ డబ్బాలో ఇంత అన్నం, ఇంత పప్పు, ఇంత కూర పెడుతోంది. పెద్దాయన కంటబడింది. ఆయన ముఖంలో పాత అనుమానం మళ్ళీ లేచింది. చనిపోయినవాళ్ళకు ముద్ద తీసిపెట్టడం మన విశ్వాసంలో లేదు కదమ్మా, ఎవరికది అని అడిగాడు.

రవణమ్మ డబ్బా మూత బిగించింది. "చచ్చిపోయినోళ్ళకు కాదు సారూ. మీకు రేపు ఏమన్నా అయితే చూసేదానికి. అక్క చెప్పినాది" అంది.

ఆయన పళ్ళెం అందుకుని వరసలో కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ కూడికకు వచ్చిన అందరికీ పేరుపేరునా ఫోన్ చేశాను. అందరూ బాగానే ఉన్నామన్నారు. ఇక పారబోయాలి. ఫ్రిజ్ తలుపు తీసి, చల్లగా ఉన్న ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని, ఇంకా ఒకరి దగ్గర్నుంచి ఫోన్ రావాలి కదా అనుకుంటూ అలాగే నిలబడిపోయాను.