చంపమనేవాడి కొడుకు ఎక్కడ?

1984లో నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌ని. ఆ ఏడు ఫైనలియర్ బి.ఏ. వాళ్ళకి నాలుగు వందల ఏళ్ళ నాటి ఇంగ్లీషు నాటకం ఒకటి పాఠంగా వచ్చింది. ఇలాంటివాటిని రివెంజ్ ట్రాజెడీ అంటారు. తండ్రిని ఎవరో అన్యాయంగా చంపుతారు, ఆయన దయ్యమై వచ్చి కొడుకుని పగ తీర్చమంటాడు, ఆఖరుకి స్టేజీ నిండా శవాలే. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "మన ఊళ్ళో ఈ పాఠమెందుకమ్మా, ఛాయిస్‌లో వదిలెయ్యి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. బయట నరుక్కుంటుంటే నోరెత్తని పెద్దలకి పుస్తకంలో రక్తం చూస్తే భయమేసిందట!

వదల్లేదు, చెప్పాను. వేరే ఊరి పిల్లలకైతే పగంటే ఏమిటో ముందు వివరించాలి. మావాళ్ళకి ఆ అవసరం లేదు. "కేసులో ఏ-వన్ ఎవురు మేడమ్?" అని ఒకడు. "పెద్దమనుషుల్లో పెట్టి రాజీ చేసుకోలేదేంది?" అని ఇంకొకడు. క్లాసంతా నవ్వు.

నవ్వనివాడు సాంబశివరావు. బొల్లాపల్లి వైపు పల్లె వాడిది. వాడు చిన్నగా ఉన్నప్పుడే ఊరి పార్టీ గొడవల్లో తండ్రిని చంపేశారు. ఆ రోజు తండ్రి భుజాన ఉన్న కండువాని వాళ్ళమ్మ ఉతక్కుండా ట్రంకుపెట్టెలో దాచింది. ప్రతి తద్దినానికీ బాబాయి ఆ కండువా తీయించి వీడి ముందు పెడతాడట. ఈ సంగతి నాకు వాడితో గదిలో ఉండే పిల్లలు చెప్పారు.

బజార్లో అమ్మే గైడుంది చూశారూ, అందులో హీరో వెంటనే చంపకపోవడాన్ని 'డిలే' అని, అదే అతని లోపమని రాసేశారు. పరీక్షలోనూ తిప్పి తిప్పి అదే ప్రశ్న. ఏ మహానుభావుడు రాశాడో గాని, మనిషిని చంపడానికి చెయ్యి రాకపోతే అది లోపమా? ఆ పేజీ కొట్టేయండని క్లాసులో గట్టిగానే అరిచాను.

అప్పుడు సాంబ లేచాడు. "ఆ దయ్యం అంతసేపు మాట్లాడింది గదా మేడమ్. ఎట్టా ఉన్నావురా, తిన్నావా అని కొడుకుని ఒక్కమాటన్నా అడిగిందా?"

పేజీలు వెనక్కి తిప్పి చూశాను. అడగలేదు. ఇన్నేళ్ళు చదివినా నాకు తట్టని సంగతది.

పరీక్షలు దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం వాళ్ళ బాబాయి జీపేసుకుని కాలేజీకి వచ్చాడు. సాంబని వరండాలోకి పిలిపించి, నాతో అన్నాడు: "వీణ్ణి రెండ్రోజులు పంపమ్మా. వాళ్ళ నాన్నని చంపినోడు జైల్నించి వచ్చాడు."

"వస్తే? వీడికేం పని?"

"ఆడకూతురివి, ఈ యవ్వారాలు నీకు తెలవ్వులే."

సాంబ నెమ్మదిగా అడిగాడు. "తమ్ముడేడి బాబాయ్?"

"తెలవనట్టు అడుగుతావేంది? బెజవాడలో. డాక్టరు సీటు కోసం చదూతన్నాడు."

"పిలిపించు. వాడికి పెదనాన్నే గదా చచ్చింది. ఇద్దరం కలిసే పోతాం."

"ఒరేయ్, వాడి చదువు చెడగొట్టమంటావంట్రా?"

"మరి నాది?"

నేనిక ఆగలేకపోయాను. "కన్నకొడుకుని స్టెతస్కోపుకి, అన్నకొడుకుని కత్తికి పెంచావా? సిగ్గు లేదా నీకు?" అనేశాను. నా ఉద్యోగం సంగతి చూస్తానని అరుచుకుంటూ జీపెక్కాడు. ప్రిన్సిపాల్ గది తలుపు కొద్దిగా తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. దానికీ నాకు ఒళ్ళు మండింది.

సాంబ ఊరికి పోలేదు. వాళ్ళమ్మే పేటకొచ్చి గది తీసుకుని, వాడికి వండిపెట్టి పరీక్షలు రాయించింది. ఒకరోజు వాళ్ళ గదికెళ్తే దండెం మీద పాత కండువా ఆరుతోంది. నేను దాని వంక చూడటం ఆమె చూసింది. "ఉతికానమ్మా. మరక సగమే పోయింది. ఎన్నేళ్ళు పెట్టెలో పెట్టి నా బిడ్డని కాల్చుకు తిన్నానో" అంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

వాడు తర్వాత మాచర్ల వైపు బడిలో మేస్టరయ్యాడు. వాళ్ళ తమ్ముడికి డాక్టరు సీటూ వచ్చింది, సంతోషం.

రిటైరయ్యేదాకా ఆ నాటకం చెబుతూనే ఉన్నాను. గైడూ మారలేదు, పరీక్షలో ప్రశ్నా మారలేదు. నేను మాత్రం మొదటిరోజు పుస్తకం తెరవకముందే పిల్లలకి చెప్పేదాన్ని: మీ చేతికి ఎవరైనా కత్తి ఇస్తే తీసుకునే ముందు ఒక్కటే అడగండి, నీ కొడుకెక్కడున్నాడని.