బాబాయి గొంతులో ఒక ప్రకటన

పోయిన నెల ఒక ఉదయం పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి లేడురా" అంది. గుండెపోటు. స్నానం చేసొచ్చి బొట్టు పెట్టుకుంటూ కూలబడిపోయాడట. విజయవాడ బస్టాండులో తిరువూరు బస్సెక్కి కూర్చున్నాక కూడా ఆ మాట నాకు లోపలికి దిగలేదు.

బాబాయికి తిరువూరు మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు. ఆషాఢం తగ్గింపులొస్తే తన గొంతే రికార్డు చేయించి, ఆటోకి మైకు కట్టి గంపలగూడెం దాకా తిప్పించేవాడు. పత్తి చేలల్లో పనిచేసేవాళ్ళు కూడా తలెత్తి వినేవారు. "గుడ్డ గురించి చెబితే ఎవరూ రార్రా. కట్టుకున్నాక మనిషి ఎలా ఉంటాడో చెప్పాలి" అనేవాడు. బేరం కుదరక లేచి వెళ్ళిపోయినవాళ్ళు పరిచి చూసిన చీరని కూడా అంచు నిమిరి, అంతే శ్రద్ధగా మడతపెట్టేవాడు.

నేను విజయవాడలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తాను. ఆ మధ్య, హెచ్ఐవీ రాకుండా ముందుగానే వాడే మాత్ర గురించి ఒక ప్రకటన చేయమన్నారు మా వాళ్ళు. పరీక్ష చేయించుకుని, హెచ్ఐవీ లేదని తేలాక డాక్టరు చెప్పినట్టు వాడాలి. మగవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళకి, ఆడవాళ్ళతో పాటు మగవాళ్ళనీ ఇష్టపడేవాళ్ళకి ఆ సంగతి చేరాలి. పై ఆఫీసు నుంచి పంపిన తెలుగు చూస్తే కోర్టు నోటీసులా ఉంది. ప్రకటన అనగానే నాకు బాబాయే గుర్తొచ్చాడు. ఒక మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళి చదివి వినిపించాను.

"ఎవరి కోసంరా ఇది?" అన్నాడు.

"మగవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళ కోసం బాబాయ్."

"అంటే నీలాంటివాళ్ళ కోసమా?"

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు నేను. బాబాయి చేతిలో చీర మడత ఆగలేదు.

"ఎప్పట్నుంచో తెలుసులే. నువ్వే చెబుతావని ఊరుకున్నా" అన్నాడు. "మరి నీతో మాట్లాడినట్టు రాయాలి గదా. ఇలా రాస్తే నువ్వు చదువుతావా?"

ఆ పూటంతా ఇద్దరం కూర్చుని రాశాం. నేను 'భయపడకండి' అని రాస్తే కొట్టించాడు. "ఆ మాట వింటేనే భయం పుడుతుంది" అన్నాడు. చివరికి మిగిలింది ఇంతే: 'బాబూ, నువ్వు ఎవర్ని ఇష్టపడతావో నేనడగను. నీ ఒంటి సంగతి అడుగుతున్నాను. హెచ్ఐవీ రాకుండా ముందే వాడుకునే మాత్ర ఉంది. ఒకసారి పరీక్ష చేయించుకుని డాక్టర్ని అడుగు. నువ్వు మాకు కావాలి.'

దాన్ని చదివి రికార్డు చేయడానికి విజయవాడలో మాట్లాడుకున్నతను విషయం తెలియగానే తప్పుకున్నాడు. "నేను చెబుతాలే" అన్నాడు బాబాయి.

"నీ గొంతు ఊరంతా తెలుసు బాబాయ్."

"తెలిసిన గొంతయితేనే గదా నమ్మేది."

కొట్టు వెనకాల పంచెల దొంతర్ల మధ్య, చప్పుడు వినబడని చోట, నా ఫోన్లో రికార్డు చేశాం. చివరి మాట దగ్గర కాస్త తడబడ్డాడు. మళ్ళీ చెబుతానన్నాడు. నేను వద్దన్నాను.

వారం తిరక్కుండానే అది తిరువూరులో అందరి ఫోన్లకీ చేరింది. నాన్న మండిపడుతూ కొట్టుకొచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"బజార్లో నవ్వుకుంటున్నార్రా. మనింట్లో ఎవరికి అవసరం ఇది?"

"నవ్వనీ అన్నయ్యా. నవ్వినవాడూ విన్నాడుగా" అన్నాడు బాబాయి. "అవసరమున్నవాడు ఏ ఇంట్లోనైనా ఉంటాడు" అన్నాడు. నాన్న నావైపు చూసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా మధ్య ఆ ప్రస్తావనే రాలేదు.

కొన్నాళ్ళకి నాకో ఫోనొచ్చింది. "కొట్టాయన మీ నంబరిచ్చారండి." వినగడప వైపు మామిడితోటల రైతు. కండువా కొనే వంకతో బాబాయి కొట్టుకి వచ్చి, గంటసేపు కూర్చుని, చివరికి నోరు విప్పాడట. పరీక్షకి అతని వెంట నేనే వెళ్ళాను. హెచ్ఐవీ లేదని తేలింది. మాత్ర మొదలుపెట్టాడు. ఆ మాట చెబితే బాబాయి పేరు కూడా అడగలేదు. "బతికాడు, చాలు" అన్నాడు.

హైదరాబాదులో నాకొక మనిషి ఉన్నాడని కూడా బాబాయికి మాత్రమే తెలుసు. వెళ్ళినప్పుడల్లా అడిగేవాడు. "ఈసారి తీసుకురారా. చీర కొనడానికొచ్చినట్టు వస్తాడు, ఎవరేమంటారు?" అనేవాడు. వేసవిలో వద్దామనుకున్నాం. వేసవి దాకా బాబాయి ఆగలేదు. ఇప్పుడు ఊళ్ళో నాకు అడిగేవాళ్ళు లేరు. అడిగించుకోవడం ఎంత బాగుండేదో ఇప్పుడు తెలుస్తోంది.

పెద్దకర్మ రోజున హైదరాబాదు నుంచి అతను వచ్చాడు. స్నేహితుడని చెప్పాను. పిన్ని అతని విస్తట్లో ఇంకో రెండు బూరెలు వేయించింది. నాన్న దూరంగా కూర్చుని చూస్తూ ఉన్నాడు. సాయంత్రం మేం బయల్దేరుతుంటే చెప్పులేసుకుని బస్టాండు దాకా వచ్చాడు. బస్సెక్కాక కిటికీ దగ్గరికొచ్చి, "అతన్ని ఇటు కూర్చోబెట్టు, గాలొస్తుంది" అన్నాడు.

బస్సు కదిలింది. నేను వెనక్కి తిరిగి చూశాను. నాన్న అక్కడే నిలబడి చెయ్యెత్తాడు. ఆ దూరం నుంచి, ఆ మసక వెలుతుర్లో, అచ్చం బాబాయిలా ఉన్నాడు.